ఆ ఒక్క శనివారం మీరు మిషనరీలు కారు

ప్రియమైన అబ్బాయికి, కోడలికి,

పెద్దమ్మ వందనాలు. పిల్లలిద్దరికీ ముద్దులు.

వాక్స్‌హాలో మిషనరీల కోసం విమానాలు నడిపే జార్స్ సంస్థ వాళ్ళు తమ ఆవరణను జనానికి తెరిచే రోజున పిల్లల్ని తీసుకువెళ్ళవచ్చా అని అడిగావు. తప్పకుండా వెళ్ళండి. నార్త్ కరోలినాలోని షార్లెట్ నగరం నడిబొడ్డు నుంచి దాదాపు 40 కిలోమీటర్లు, అంతే. నాకు కంగారు పుట్టించింది నీ ఉత్తరంలోని రెండో పేరా. అక్కడికి చాలా చర్చి సంఘాల పెద్దలు వస్తారు కదా, మన పని గురించి నలుగురికీ చెప్పుకోవచ్చు, కరపత్రాలు అచ్చు వేయించనా అని రాశావు.

వద్దు నాయనా. ఒక్క కాగితం కూడా వేయించవద్దు.

ఎందుకో చెబుతాను. మీరు ఈ అమెరికా దేశం వచ్చినప్పటి నుంచి ప్రతి ఆదివారం ఏదో ఒక సంఘంలో నిలబడుతున్నారు. నువ్వు మాట్లాడతావు, కోడలు ఫోటోలు చూపిస్తుంది, పిల్లలు మీరు పనిచేసే కొండల దుస్తులు వేసుకుని అక్కడి కువి భాషలో పాట పాడతారు. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. అది మీ పరిచర్యలో భాగమే, కాదనను. మొన్న ఫోనులో విమానాల సంగతి నేను ఎత్తగానే పెద్దవాడు వేసిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "నానమ్మా, అక్కడ కూడా పాట పాడాలా?" పదకొండేళ్ళ పిల్లవాడు విమానం పేరు వినగానే రెక్కల గురించి అడగాలి, ఇంజన్ గురించి అడగాలి. పాట గురించి అడిగాడంటే వాడికి సెలవు కావాలని అర్థం.

కాబట్టి ఆ శనివారం మీరు నలుగురూ మామూలు కుటుంబంలా వెళ్ళి మామూలు కుటుంబంలా తిరిగి రండి. నేను అక్కడ ప్రథమ చికిత్స బల్ల దగ్గర కొన్నేళ్ళు సాయం చేశాను కనుక ఆ రోజు ఎలా నడుస్తుందో, ఎవరికి ఎక్కడ ఇబ్బంది వస్తుందో నాకు తెలుసు. తెలిసినంత రాస్తున్నాను.

ముందుగా వాతావరణం. మేఘాలు బాగా కిందికి దిగినా, గాలి అడ్డంగా బలంగా కొట్టినా చిన్న విమానాలు ఎగరవు. ఉరుములు దగ్గర్లో ఉంటే అసలే ఎగరవు. కాబట్టి "విమానం ఎక్కిస్తాను" అని పిల్లలకు ముందే మాట ఇవ్వకు. "విమానాలు చూద్దాం, వీలైతే ఎక్కుదాం" అని చెప్పు. ఆ కార్యక్రమం రూపం కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఏ రోజున, ఎన్ని గంటలకు, ఎక్కే టిక్కెట్లు ముందే కొనాలా అన్నది వాళ్ళ ఆఫీసుకు ఫోను చేసి కనుక్కో. ఎవరో పాత ఫోటోలు చూపించి చెప్పింది నమ్మి బయలుదేరవద్దు.

పొద్దున్నే వెళ్ళండి. ఎండ ముదిరితే నేల వేడెక్కి వేడిగాలి పైకి లేస్తుంది, చిన్న విమానం అందులో ఎగిరెగిరి పడుతుంది. పొద్దుట గాలి నిలకడగా ఉంటుంది. పాపువా న్యూగినీ లాంటి కొండ దేశాల్లో పైలట్లు తెల్లవారుతూనే పని మొదలుపెట్టేది కూడా అందుకే. మధ్యాహ్నానికి అక్కడ లోయలను మేఘాలు కమ్మేస్తాయి.

కడుపు సంగతి కోడలికి చెబుతున్నాను. అమ్మాయీ, ఆ ఉదయం పూరీలు, నూనె కూరలు వద్దు. ఇడ్లీ పెట్టు, లేదా రొట్టె ముక్క. ఖాళీ కడుపుతో ఎక్కించినా వాంతి అవుతుంది, నిండు కడుపుతో ఎక్కించినా అవుతుంది. చిన్నదానికి కొండదారిలో జీపు పడదని నువ్వే చెప్పావు కదా, దానికి అల్లం మురబ్బా ముక్క చేతిలో పెట్టు, కిటికీలోంచి దూరంగా ఆకాశం అంచును చూడమను. రెండు ప్లాస్టిక్ సంచులు నీ చేతిసంచిలో ఉంచుకో. అందరికీ టోపీలు, ఎండకు పూసుకునే క్రీము, నీళ్ళ సీసాలు కావాలి. రన్‌వే పక్కన నీడ ఉండదు. నా బల్ల దగ్గరకు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఎండదెబ్బకూ నీళ్ళు తాగకపోవడానికీ వచ్చినవాళ్ళే. విమానాల వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. మధ్యాహ్నానికి పులిహోర కట్టుకోండి. అక్కడ దొరికే తిండి అమెరికా వాళ్ళ పద్ధతిలో రొట్టె, మాంసం, చిప్స్. పిల్లలకు నచ్చుతుంది, మీ ఇద్దరికీ సాయంత్రానికి ఆకలేస్తుంది.

అందరూ మూసుకున్న బూట్లే వేసుకోండి, చెప్పులు వద్దు. చీర కట్టుకుంటానంటే కట్టుకో అమ్మాయీ, నేను వద్దనను. అయితే ప్రొపెల్లర్ గాలికి కొంగు నిలవదు. పంజాబీ డ్రెస్ అయినా చున్నీ ముడి వేసుకో.

ఎక్కే ముందు బరువు అడుగుతారు. అందరి ముందూ అడుగుతారు. సిగ్గుపడి పది కిలోలు తగ్గించి చెప్పవద్దు. మీ పెదనాన్నగారు ఒకసారి తగ్గించి చెప్పబోతే అక్కడి కుర్రాడు నవ్వి కాటా చూపించాడు. చిన్న విమానంలో ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరు వెనుక, ఎంత ఇంధనం పోయాలి అన్న లెక్కంతా ఆ బరువు మీదే నడుస్తుంది. అడవుల్లో పనిచేసే విమానాల్లో మనిషితోపాటు అతని బస్తానూ, కోడినీ కూడా తూచి ఎక్కిస్తారు. పెద్దవాడికి లెక్కలు ఇష్టం కదా, ఆ కాగితం ఎలా నింపుతారో చూపించమని వాణ్నే అడగమను. నువ్వు మాత్రం పక్కన నిలబడు, వాడి తరఫున మాట్లాడకు.

ఇప్పుడు జాగ్రత్త మాట ఒకటి, దీనిలో సరదా ఏమీ లేదు. తిరిగే ప్రొపెల్లర్ కంటికి కనిపించదు. విమానం ఆగి ఉన్నా, ఇంజన్ ఆపేసి ఉన్నా ప్రొపెల్లర్ ముందునుంచి నడవనివ్వవద్దు. హెలికాప్టర్ ఉంటే దాని తోక వైపుకు అసలు వెళ్ళనివ్వవద్దు. పైలట్‌కు కనిపించే వైపునుంచి, వాళ్ళు చేయి ఊపి పిలిచాకే వెళ్ళాలి. చిన్నదాని చేయి మీ ఇద్దరిలో ఒకరి చేతిలో ఉండాల్సిందే, అది ఎంత ఏడ్చినా సరే. చాక్లెట్ కాగితాలు నేల మీద పడేయకూడదని కూడా నేర్పు. కాగితం ముక్కయినా, గులకరాయైనా ఇంజన్ పీల్చుకుంటే నష్టమే. దాని చెవులకు దూది సరిపోదు, మా ఇంట్లో పిల్లల చెవులకు పెట్టే మఫ్‌లు ఉన్నాయి, పంపిస్తాను.

అది ఎక్కనని మొండికేస్తే బలవంతం చేయవద్దు. ఆరేళ్ళది. "మిషనరీ పిల్లవు, భయపడతావా?" అని ఎవరైనా అంటే వాళ్ళకు నమస్కారం పెట్టి అక్కడినుంచి తీసుకుపో.

లోపలికి వెళ్ళగానే జనమంతా ఎక్కే వరుస వైపు పరుగెడతారు. టిక్కెట్టు తీసుకుని, మీ వంతు ఎప్పుడో తెలుసుకుని, మీరు మాత్రం విమానాలు బాగుచేసే షెడ్డు, అదే హ్యాంగర్ వైపు నడవండి. నా మాట విను, ఆ రోజు మొత్తంలో చూడదగ్గది అదే. గాలిలో ఉండే పావుగంట పిల్లలకు బాగుంటుంది, సాయంత్రానికి మరచిపోతారు. హ్యాంగర్‌లో ఇంజన్ మూత విప్పి ఉంచిన విమానం దగ్గర నిలబడితే ఆ పని అసలు రూపం తెలుస్తుంది. బోల్టులను సన్నని తీగతో మెలివేసి ఒకదానికొకటి కట్టి ఉంచుతారు, అదురుకు వదులు కాకుండా. పనిముట్ల పెట్టెలో ఒక్కో పనిముట్టుకు దాని ఆకారంలోనే గుంట ఉంటుంది. సాయంత్రం ఏ గుంటయినా ఖాళీగా కనిపిస్తే ఆ స్క్రూడ్రైవర్ దొరికేదాకా విమానం కదలదు, ఎందుకంటే అది ఇంజన్‌లో ఉండిపోయి ఉండవచ్చు. ఈ దేశంలో ఏ విమానానికైనా ఏడాదికోసారి పూర్తి తనిఖీ తప్పనిసరి. అద్దెకు జనాన్ని ఎక్కించే విమానానికైతే ప్రతి 100 గంటల ప్రయాణానికీ ఒకటి. పైలట్ కంటే మెకానిక్ చేతులు చూడమని పెద్దవాడికి చెప్పు.

మిషన్ విమానాల చరిత్ర అనగానే అందరూ నేట్ సెయింట్ పేరు చెబుతారు. 1956లో ఈక్వడార్ అడవిలో చనిపోయిన ఐదుగురు మిషనరీల్లో ఒకడని చెబుతారు. అతను ఈ పనిలోకి వచ్చింది మెకానిక్‌గానని చాలామందికి తెలియదు. మెక్సికోలో దెబ్బతిని పడి ఉన్న విమానాన్ని బాగుచేయడానికి పంపితే వెళ్ళాడు. ఈక్వడార్‌లో అతను కనిపెట్టిన ఉపాయం కూడా మెకానిక్ బుర్రలోంచి పుట్టిందే. దిగడానికి చోటు లేని అడవి మీద విమానం ఇరుకుగా చుట్లు తిరుగుతూ పొడవాటి తాడు వదులుతుంది. కొసన కట్టిన బకెట్ ఆ చుట్ల మధ్యలో దాదాపు కదలకుండా నేలకు దిగుతుంది. కింద ఉన్నవాళ్ళు అందులోంచి మందులు తీసుకోవచ్చు, ఉత్తరం పెట్టవచ్చు. ఇంటికి వచ్చాక పెద్దవాడు దారానికి బరువు కట్టి తిప్పి చూస్తానంటే తిప్పనివ్వు, దీపాలకు దూరంగా.

ఈక్వడార్ కథ పిల్లలకు చెప్పాలా అని నీకు సందేహం వస్తుంది. అక్కడ ఎవరో ఒకరు చెప్పేస్తారు కనుక నువ్వే ముందు చెప్పడం మంచిది. పెద్దవాడికి ఉన్నదున్నట్టు చెప్పు. 1956 జనవరి 8న కురారాయ్ నది ఒడ్డున ఇసుక తిన్నె మీద ఆ ఐదుగురు యువకులను అక్కడి అడవిలో ఉండే వావొరానీ తెగ జనం ఈటెలతో చంపారు. తర్వాత రెండేళ్ళకు చనిపోయినవారిలో ఒకరి భార్య, నేట్ సెయింట్ అక్క రేచల్ ఆ జనం మధ్యకే వెళ్ళి కాపురం పెట్టారు. అంతవరకు చాలు. దానిని వీరగాథ చేసి "నువ్వు కూడా అలా ఉంటావా?" అని మాత్రం అడగకు. మీరు కొండల్లో ఉండగా రాత్రి తలుపు చప్పుడైతే ఆ పిల్లవాడు ఏమేమి ఊహించుకుంటాడో మనకు తెలియదు. ఆ ఐదుగురిలో పెళ్ళాం పిల్లలున్నవాళ్ళు ఉన్నారని, ఆ ఇళ్ళలో పిల్లలు తండ్రి లేకుండా పెరిగారని వాడికి తెలిసినా ఫరవాలేదు. వాడు అడిగితే "నాకూ భయమేస్తుంది" అని చెప్పు. చిన్నదానికి ఇప్పుడే వద్దు.

చిన్నదానికి బెట్టీ గ్రీన్ కథ చెప్పండి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విమానాలు నడిపిన ఆడవాళ్ళలో ఒకరు. 1945లో యుద్ధం చూసిన క్రైస్తవ పైలట్లు కొందరు కలిసి సంఘం పెట్టుకున్నారు, అదే తర్వాత మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ అయింది. ఆ సంఘం తరఫున మొట్టమొదట ఎగిరింది మగవాడు కాదు, ఆవిడే. 1946 ఫిబ్రవరిలో రెండు జతల రెక్కల వాకో విమానంలో కాలిఫోర్నియా నుంచి మెక్సికోకు ఇద్దరు అమ్మాయిలను ఎక్కించుకుని వెళ్ళింది. ఆ తర్వాత పెరూలో నీటి మీద దిగే విమానం నడిపింది, ఆఫ్రికాలో నడిపింది, న్యూగినీలో నడిపింది. మన ఊళ్ళలో ఆడపిల్ల సైకిలు తొక్కితే వింతగా చూసిన రోజులవి.

జార్స్ పుట్టుక మరో రకం. కామెరాన్ టౌన్‌సెండ్ అని విక్లిఫ్ అనువాదకుల సంస్థను స్థాపించినాయన 1947లో మెక్సికో అడవుల్లోంచి భార్యతో, చంటిపిల్లతో చిన్న విమానంలో బయలుదేరితే అది ఎగిరిన కాసేపటికే కూలింది. పాపకు ఏమీ కాలేదు, తల్లిదండ్రులిద్దరికీ కాళ్ళు దెబ్బతిన్నాయి. అడవిలో ఎగరడం వేరే విద్య, దానికి తర్ఫీదైన పైలట్లు, మెకానిక్కులు, రేడియోవాళ్ళు మనకే ఉండాలని ఆయన పట్టుబట్టాడు. 1948లో జార్స్ మొదలైంది. 1960ల్లో వాక్స్‌హాకు వచ్చింది. ఇదంతా అక్కడి గోడల మీద ఉంటుంది, నేను రాయనక్కర్లేదు, కానీ పిల్లలతో వెళ్ళినప్పుడు గోడల మీది రాతలు చదవడానికి ఎవరికి తీరిక?

విమానాల్లో మూడింటిని పోల్చి చూడమను. హీలియో కొరియర్ కనిపిస్తే దాని రెక్క ముందు అంచు గమనించండి. వేగం తగ్గగానే అంచు దానంతటదే ముందుకు జారుతుంది, అందువల్ల అది చాలా తక్కువ వేగంతో కూడా పడిపోకుండా గాలిలో నిలుస్తుంది. ఇప్పుడు కొత్తవి తయారు కావడం లేదు. సెస్నా 206 ఆరు సీట్లది, లోకమంతటా తిరుగుతోంది. అయితే అది తాగేది సీసం కలిపిన ప్రత్యేక పెట్రోలు, అది మారుమూల దేశాల్లో దొరకదు, దొరికినా ధర మండిపోతుంది. అందుకే కోడియాక్ వచ్చింది. మిషన్ సంస్థల అవసరాలు దృష్టిలో పెట్టుకుని ఐడహో రాష్ట్రంలో తయారుచేశారు, 2007లో అనుమతి వచ్చింది. పది సీట్లు, 750 హార్స్ పవర్, కిరోసిన్ జాతి జెట్ ఇంధనంతో నడుస్తుంది. నిండా బరువు వేసినా 300 మీటర్లలోపే నేల వదులుతుంది. గులకరాళ్ళు ఎగిరి తగలకుండా ప్రొపెల్లర్ ఎత్తుగా, రెక్క అంతకంటే ఎత్తుగా, మొత్తం కొంగలా నిలబడి ఉంటుంది. అందంగా లేదని పెదనాన్నగారు అంటారు. ఆయన అందం చూసి కొన్న కారు గురించి ఇక్కడ ఎత్తను.

ఒక సంగతి చెబుతాను, ఇది అక్కడ ఎవరూ మీ పిల్లలకు చెప్పరు, చెప్పలేరు కూడా. అక్కడికి వచ్చే అమెరికా పిల్లలకు "దారి లేని ఊరు" అంటే కథల్లో మాట. మీ పిల్లలు ఏజెన్సీలో పెరిగారు. నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో కట్టి నలుగురు మగవాళ్ళు వాగులు దాటించి మోసుకురావడం వాళ్ళు కళ్ళారా చూశారు. పాపువా న్యూగినీ పటం ముందు నిలబడినప్పుడు చెప్పు: ఆ దేశ రాజధాని పోర్ట్ మోర్స్‌బీ నుంచి కొండ ప్రాంతాలకు రోడ్డే లేదు, ఆ దేశంలో 800కు పైగా భాషలున్నాయి, రోజుల తరబడి డోలీ మోయాల్సిన దూరాన్ని ఈ విమానం నిమిషాల్లో దాటుతుంది. పెద్దవాడికి వెంటనే అర్థమవుతుంది. "మరి మన దగ్గర ఎందుకు లేదు?" అని అడుగుతాడు. మంచి ప్రశ్నే. గుంటూరు వైపు మన మిషన్లకు విమానం అవసరమే రాలేదు. 1842లో లూథరన్ మిషనరీ హెయర్ దొరగారు గుంటూరు వచ్చినా, 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చినా ఎడ్లబండి ఉంది, తర్వాత కాలువల్లో పడవ, రైలు వచ్చాయి. కుగ్లరమ్మ పేరున్న ఆసుపత్రిలోనే నేను నర్సు పని నేర్చుకున్నాను, పల్లెలకు బండి మీద వెళ్ళినదాన్నే. ఏజెన్సీకి రావలసింది రోడ్డు, వంతెన, అంబులెన్సు. విమానం అన్నిటికీ మందు కాదని కూడా వాడికి చెప్పు, అలా చెప్పడం ఆ పైలట్లను తక్కువ చేయడం కాదు.

మధ్యాహ్నం ఎండ మండేటప్పుడు ఆ ఆవరణలోనే ఉన్న అక్షరమాలల మ్యూజియంలోకి వెళ్ళండి. వెళ్ళేముందు అది తెరిచి ఉంటుందో లేదో అడగండి. కోడలు కువి పిల్లలకు తెలుగు లిపిలో చదువు చెబుతుంది కదా, తనకు అక్కడ కాసేపు ఉండాలనిపిస్తుంది. అబ్బాయీ, ఆ కాసేపు పిల్లలను నువ్వు చూసుకో. "ఇంకా ఎంతసేపు?" అని తల లోపలికి పెట్టి అడగకు. భట్టిప్రోలు స్తూపంలో దొరికిన బ్రాహ్మి రాతల గురించి అడిగితే పిల్లలకు తను చెబుతుంది, మన పాత గుంటూరు జిల్లా మట్టిలో దొరికిన అక్షరాలవి. అడగకపోతే చెప్పనక్కర్లేదు. అది కూడా తనకు సెలవు రోజే.

ఇక మనుషులు. మీరు మిషనరీలని తెలిసిన మరుక్షణం పలకరింపులు మొదలవుతాయి. మంచివాళ్ళు, ప్రేమగానే అడుగుతారు. ఎక్కడ పనిచేస్తారు, ఎంతమంది విశ్వాసులయ్యారు, ఏమి కావాలి. జవాబు రెండు వాక్యాల్లో ముందే సిద్ధం చేసుకో. "ఆంధ్రలో కొండ ప్రాంతంలో అక్షరాస్యత పని చేస్తున్నాం, ఈ రోజు పిల్లలతో సరదాగా వచ్చాం" అంటే చాలు. పట్టు వదలనివాళ్ళకు ఫోను నంబరు ఇచ్చి సోమవారం మాట్లాడదామను. చందా ఇస్తామన్నా అదే మాట చెప్పు. నిజంగా ఇచ్చేవాళ్ళు సోమవారం కూడా ఇస్తారు. ఎవరైనా పిల్లల తల నిమిరి "నీకు మిషనరీగా ఉండటం ఇష్టమేనా?" అని అడిగితే వాళ్ళ బదులు నువ్వు జవాబు చెప్పకు. "ఇష్టం లేదు" అన్నా అననివ్వు. మా కాలంలో పాదిరిగారి పిల్లలు ఎప్పుడూ నవ్వుతూ ఉండాల్సి వచ్చేది. వాళ్ళలో కొందరు పెద్దయ్యాక గుడి మెట్లు ఎక్కడం మానేశారు, ఎందుకో మాకెవరికీ అడగాలని తోచలేదు.

ఫోటోల విషయంలో కొంచెం నెమ్మది. అక్కడికి వచ్చే కుటుంబాల్లో కొందరు పేరు, ముఖం బయటపడితే ప్రమాదమున్న దేశాల్లో పనిచేస్తారు. మీ పిల్లల్ని తీసినా వెనక ఎవరున్నారో చూసుకుని తీయండి, అడగకుండా ఎవరి ఫోటోనూ ఎక్కడా పెట్టవద్దు. మీ ఊరి పేరు కూడా ఎక్కువ చెప్పవద్దు. కారణం నాకంటే మీకే బాగా తెలుసు.

మూడు గంటలకల్లా తిరుగుముఖం పట్టండి. ఆఖరిదాకా ఉంటే పార్కింగ్‌లోంచి బయటపడటానికే చాలాసేపు పడుతుంది, అప్పటికి చిన్నది ఏడుపు లంకించుకుంటుంది. పెదనాన్నగారి పెద్ద కారు తీసుకువెళ్ళండి. ఈ రాష్ట్రంలో ఎనిమిదేళ్ళలోపు, 80 పౌండ్లలోపు పిల్లలను ప్రత్యేక సీటు లేకుండా కూర్చోబెడితే జరిమానా వేస్తారు, దాని సీటు శుక్రవారం రాత్రే బిగించి ఉంచుతాను. తాళాలు ముందు తలుపు పక్కన కొక్కేనికి ఉంటాయి.

మర్నాడు ఆదివారం మా సంఘంలో నువ్వు మాట్లాడాలని పాస్టరుగారు అడిగారని విన్నాను. మాట్లాడు. పిల్లల పాట మాత్రం ఆ వారానికి వద్దని ఆయనకు నేనే చెప్పాను, ఒప్పుకున్నారు. నీకు కోపం వస్తే నా మీద రానివ్వు.

ఇట్లు,
మీ పెద్దమ్మ